ఉతికిన కంబళి వాసన వెతుక్కుంటూ

అరవదేశంలోని మధుర నుంచి తిరిగొచ్చి నెల రోజులైంది. మా నెల్లూరులో కనిపించిన ప్రతివాళ్లూ గోపురాలు ఎంత ఎత్తున్నాయి, అమ్మవారి ముక్కుపుడక ఎలా మెరుస్తుంది అని అడుగుతున్నారు. గోపురాలు ఎత్తుగానే ఉన్నాయి. ముక్కుపుడక నేను చూడలేదు. నా ముందు నిలబడ్డ మనిషి తలపాగా చూసి వచ్చాను. ఆ ప్రయాణంలో నేను నిజంగా చూసినది వేరే ఉంది. దాన్ని నోటితో చెబితే ఎవరూ నమ్మడం లేదు. నా భార్య సగం దాకా విని, "చాలు, అన్నం చల్లారిపోతోంది" అంది. అందుకని రాసిపెడుతున్నాను.

నాది అత్తర్ల పని. మా తాత నవాబుల కాలంలో మొదలుపెట్టాడు, నేను కుంఫిణీ వారి కాలంలో చేస్తున్నాను. దొరలు వచ్చాక ఊళ్లోకి సీమ సబ్బు వచ్చింది కానీ పెళ్లికొడుకు చెవిలో పెట్టే దూదికి ఇంకా మా బట్టీయే గతి. మరువం, మల్లె మధురలో బాగుంటాయని విని, అక్కడి సరుకు ఎలా ఉందో చూసి వద్దామని, తాత నాటి రాగి బిందె వెంట పెట్టుకుని బయలుదేరాను. వచ్చేటప్పుడు తేవలసినవి మరువమూ మల్లెలూ. తెచ్చింది మాత్రం రాగి బిందెకు పట్టిన ఒక కంపు. ఇప్పటికీ చింతపండు పెట్టి తోమిస్తున్నాను.

మధుర, పూల వీధి

మధురలో విడిపూలు తూచి అమ్ముతారు. మా ఊళ్లోలాగా మూర కొలిచే చెయ్యి పొడుగా పొట్టా అనే తగాదా లేదు. తెల్లవారేసరికి వీధి అంతా తెల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి అవే పూలు గోధుమ రంగుకు తిరిగి కాళ్ల కింద పడి ఉంటాయి. మల్లె మధ్యాహ్నం వేళ కొంచెం పేడ వాసన వేస్తుంది. నమ్మనివాళ్లు పూలు దోసిట్లో నలిపి చూడండి. అందుకే అది మల్లె. మంచి అత్తరులో ఒక చుక్క కంపు ఉండి తీరాలని మా నాన్న చెప్పేవాడు. పునుగు బుడ్డి తెరిస్తే మనిషి పారిపోతాడు, అదే గంధంలో ఆవగింజంత వేస్తే వెనకాలే వస్తాడు.

ఆ వీధిలో ఒక అత్తరు అంగడి తిన్నె మీద కూర్చుని మరువం చూస్తున్నాను. ముప్పయ్యేళ్ల మనిషి ఒకడు వచ్చాడు. మంచి పంచె, చెవులకు కడుకులు, కాళ్ల నిండా దుమ్ము. అంగడివాడు జవ్వాది చూపించాడు. ఇతడు వాసన చూసి, "ఇది మా నాయిన కాదు" అన్నాడు. సంపెంగ చూపించాడు. "ఇదీ మా నాయిన కాదు." వట్టివేరు చూపించాడు. "ఇల్లే, సామీ. మా నాయిన ఇట్ల ఉండడు."

అంగడివాడు చేతులు జోడించి అతన్ని నా వైపు తిప్పాడు. నేను తెలుగువాణ్ణని తెలియగానే ఆ మనిషి ముఖం విప్పారింది.

"మీది యా ఊరు?"

"నెల్లూరు."

"ఓ, ఆ పక్కనా. మీ ఊర్లో ఇంకా తెలుగు మాట్లాడుతారా?"

మాట్లాడతామన్నాను. అతను సంతోషించాడు. తన పూర్వీకులు ఎప్పుడో రాయల కాలంలో వదిలి వచ్చిన భాష అక్కడ ఇంకా బతికే ఉందని తెలిసి, దూరపు చుట్టం క్షేమమని విన్నట్టు తల ఊపాడు. పేరు రంగసామి నాయుడు. కోయంబత్తూరు దగ్గర తుడియలూరు. వచ్చిన పని చెప్పేముందు, "మీరు నవ్వవద్దు" అన్నాడు.

అతని తండ్రి పోయి నాలుగు నెలలయింది. వాళ్లకు కారి అనే నల్లటి ఆంబోతు ఉంది. తండ్రి పోయిన మర్నాటి నుంచి అది తోటలోని బావి దగ్గర నిలబడి ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ఇద్దరు పాలేర్లను ఎత్తి పడేసింది. మోట ఆగిపోయింది. మిరపతోట ఎండుతోంది. అమ్ముదామంటే దాని మెడకు తాడు వేసేవాడు కావాలి. కొట్టి తరుముదామంటే, అది చనిపోయిన మనిషి కోసం ఎదురుచూస్తోందని ఊరంతటికీ తెలుసు, ఎవరికీ చెయ్యి రాలేదు.

"నాయిన కంబళి కప్పుకొని పోతే విడిచింది సామీ. పది దినాలు నీళ్లు తోడినాము. నన్ను నాకింది కూడా. పదకొండో దినం..." అని ఆగిపోయాడు.

"పదకొండో రోజు?"

"నా పెండ్లాము దాన్ని ఉతికేసింది."

మాసికానికి ఇల్లు శుద్ధి చేస్తూ, కనిపించిన ప్రతి గుడ్డా కుంకుడు రసంలో నానబెట్టిందట. ఇతడు అరిచాడు. ఆమె "నేను ఉతికింది కంబళిదా, మీ నాయినను కాదు" (కంబళినే అని; వాళ్ల 'దా' మన 'నే' లాంటిది) అని బండి కట్టించుకుని పెరియకుళంలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఇప్పుడు నీళ్లూ లేవు, భార్యా లేదు.

నేను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ రోజుతో అయిపోయేది. దానికి బదులు, "ప్రకృతిలో పుట్టిన వాసన ఏదైనా బట్టీలో తిరిగి పుడుతుంది" అన్నాను. మా నాన్న కొనుగోలుదార్లతో అనే మాట అది. రంగసామి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అంగడివాడు నా మూట నాకు అందించి, జాలిగా చూశాడు.

బండిలో మూడు రోజులు

కంబళి ఉతికిన మనిషిని అడుగుదామని ముందు పెరియకుళం బయలుదేరాం. మధుర నుంచి అక్కడికి రంగసామి జోడెద్దుల బండిలో మూడు రోజులు పట్టింది. దారి పొడుగునా నేను అడుగుతూనే ఉన్నాను.

"మీ నాన్న దగ్గర ఏ వాసన వచ్చేది?"

"నాయిన వాసన."

"అంటే దేనిలాగా ఉండేది?"

అతను చాలాసేపు ఆలోచించాడు. రెండు ఊళ్లు దాటాం. "నాయిన మాదిరి" అన్నాడు.

నేను ఈ వృత్తిలో ఇరవయ్యేళ్లుగా ఉన్నాను. మనుషులకు రంగుల పేర్లు వస్తాయి, రుచుల పేర్లు వస్తాయి, వాసన దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోతుంది. గులాబీ వాసన ఎలా ఉంటుందంటే గులాబీలా ఉంటుందంటారు. అయినా ఇంత మొండి ముక్కును నేను ఎక్కడా చూడలేదు. మూడో రోజుకు నాకు తెలిసింది రెండే: ఆయన పొగాకు నమిలేవాడు, రాత్రిళ్లు బావి దగ్గరే పడుకునేవాడు.

తోవలో సజ్జ గంజి, పచ్చి ఉల్లిపాయ. దాన్ని వాళ్లు కంబు కూడు అంటారు. మా రాగి సంకటి ముద్ద తిన్నవాడికి అది తాగడమో తినడమో తెలియదు. ఒక ముసలమ్మ కుండెడు పోసి ఒక్క కాసు తీసుకుంది, నేను మాట్లాడే తెలుగు విని ఆ కాసు కూడా తిరిగి ఇచ్చేసింది. "పురాణం చెప్పేవాళ్ల దగ్గర దుడ్డు తీసుకోకూడదు" అంది. నేను అడిగింది ఇంకొంచెం ఉప్పు మాత్రమే.

పెరియకుళం, మామిడి తోట

కొండల కింద ఎక్కడ చూసినా మామిడి తోటలే. గాలికి కూడా రసం కారుతున్నట్టుంటుంది. రంగసామి మామ వెంకటపతి నాయుడు పెద్ద తోట ఆసామి. అల్లుడు తన కూతురి మీద అరిచాడు కనుక అతనితో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ అల్లుడు అల్లుడే కదా, మర్యాద తప్పకూడదు. కనుక మమ్మల్ని పెద్ద అరిటాకుల ముందు కూర్చోబెట్టి, ఎదురుగా తను నిలబడి, నాతో మాట్లాడాడు.

"ఆయనను అడగండి, ఇంకొంచం నెయ్యి కావలెనా?"

రంగసామి నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గర్లో ఉన్నాడు. నేను అతని వైపు తిరిగి, "ఇంకొంచెం నెయ్యి కావాలా?" అన్నాను.

"చాలని చెప్పండి."

"చాలట."

"చాలదని చెప్పండి. ఒట్టి అన్నం తిని పోతే ఊరు నన్ను ఏమంటాది?"

ఈ రకంగా పప్పు, మామిడికాయ పులుసు, పాయసం, పదకొండు మామిడి పళ్లు గడిచాయి. నా విస్తరి చల్లారిపోయింది. మా వైపు అల్లుడు అలిగితే బతిమాలి పెడతారు. మామ అలిగి అల్లుడికి తినిపించడం నేను అక్కడే చూశాను.

భోజనాలయ్యాక రంగసామి భార్య వచ్చింది. పేరు అలమేలు. సన్నగా, చురుగ్గా ఉంది, మొగుడి వైపు చూడలేదు. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె కూడా నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వు ఎవరికీ రాదేమో అనుకున్నాను.

"ఆయనను అడిగితే ఏమి తెలుసు?" అంది. "వాసన తెలిసేది ఉతికినదానికిదా. యా నీళ్లల్లో ఏమి పోయిందో నాకు తెలుసు."

తిన్నె మీద కూర్చుని వేళ్లు మడుస్తూ చెప్పింది. మొదటి నీళ్లు నల్లగా వచ్చాయి, పొగాకు. రెండో నీళ్లకు నురగ రాలేదు, జిడ్డు తేలింది, అది ఆముదం. మూడో నీళ్లలో గొర్రె బొచ్చు వాసన, అది కంబళి సొంతం. నాలుగో నీళ్లు ముక్కుకు ఘాటుగా తగిలాయి, అది మోకాళ్ల నూనె, ఉడుమలైపేటలో ఒక వైద్యుడి దగ్గర ఆయన కొనేవాడు.

"అయిదోది కూడా ఉండాది. దాని పేరు నాకు తెలియదు. కుంకుళ్లు రెండుసార్లు వేస్తేదా పోయింది. రొంబ మొండిది. కొంచం పులుపు, కొంచం తీపు, వెచ్చగా ఉంటాది. చూస్తే చెప్తాను."

ఆ క్షణంలో ఆమెను నా అంగడిలో కూర్చోబెట్టుకోవాలనిపించింది. ఇరవయ్యేళ్లలో ఒక వాసనను అంత చక్కగా విప్పి చెప్పిన మనిషిని నేను చూడలేదు.

ఆమె వస్తే తప్ప పని జరగదన్నాను. వెంకటపతి నాయుడు ససేమిరా అన్నాడు. "ఆయనకు చెప్పండి, నా కూతురు ఎద్దు కోసం కాపురానికి రాదు" అన్నాడు నాతో.

"నేను కాపురానికి పోయేది లేదు నాయినా" అంది అలమేలు. "పోగొట్టింది నేను. తిరిగి పెట్టేది కూడా నేనేదా. పెట్టేసి వస్తాను."

రెండు రోజులు అక్కడే తోటలో రాగి బిందె పొయ్యి మీద పెట్టాను. మామూలుగా పూల ఆవిరి గంధపు నూనెలోకి దిగి అత్తరవుతుంది. అలమేలు ఒప్పుకోలేదు. "మా మామ గంధం పూసుకునింది పెండ్లిలోదా" అంది. ఆముదంలోనే దించాను. పొగాకు, గొర్రె బొచ్చు. జీవితంలో మొదటిసారి నా బట్టీ దగ్గర నుంచి ఈగలు కూడా వెళ్లిపోయాయి.

సుంకం చౌకీ

పెరియకుళం నుంచి ఉడుమలైపేటకు నాలుగు రోజులు. బండి లోపల నేనూ అలమేలూ, తోలేచోట రంగసామి. వాసన చర్మం మీద పడితేనే దాని నిజం తెలుస్తుంది. బుడ్డిలో ఒకటి, ఒంటి మీద ఒకటి. కనుక ప్రతి మజిలీలోనూ కొంచెం రంగసామి మెడకు పూసేవాణ్ణి, అలమేలు వచ్చి వాసన చూసి తీర్పు చెప్పేది. మొగుడితో మాట్లాడదు. మెడ దగ్గర ముక్కు పెడుతుంది.

"పొగాకు తక్కువ" అని నాతో అనేది. "ఇతను బాగా చెమట పట్టి ఉండాడు, స్నానం చేసి రమ్మని చెప్పండి. నాకు మామ వాసన కావలె, ఈయన వాసన వద్దు."

రంగసామి రోజుకు మూడుసార్లు స్నానం చేశాడు. సత్రాల్లో జనం మాకు చోటు వదిలి దూరంగా పడుకునేవాళ్లు. పళని దారిలో ఒక యాత్రికుడు ఇతన్ని చూసి, "ఏం వ్యాధి?" అని అడిగాడు. "మా నాయిన" అన్నాడు రంగసామి. ఆ మనిషి ఓదార్పుగా విభూతి పెట్టి వెళ్లిపోయాడు.

తోవలో కుంఫిణీ వారి సుంకం చౌకీ ఒకటి తగిలింది. జవాను ఇంట్లో కూడా తెలుగేనట. మా మాట వినగానే బెంచీ వేశాడు, మజ్జిగ ఇచ్చాడు, అయినా పెట్టె తెరవమన్నాడు. నా ఖాళీ అత్తరు బుడ్లు చూసి, "వాసన సరుకుకు సుంకం ఉండాదే" అన్నాడు.

"ఖాళీవి" అన్నాను.

"ఇది నిండి ఉండాదే. ఏమిది?"

నేను నోరు తెరిచేలోపల రంగసామి చెప్పాడు. "మా నాయిన."

జవాను బుడ్డి మీద నుంచి చెయ్యి తీసేశాడు. మెల్లగా, "కాశీకా?" అన్నాడు.

"కాదు, తుడియలూరుకు."

"అస్థికలకు సుంకం లేదు" అన్నాడు, సాటి మనిషి దుఃఖం అర్థమైనట్టు.

"అస్థికలు కాదు అన్నా, నాయిన వాసన."

అతను మూత తీసి వాసన చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ అది పొగాకు వల్ల. ఆ తర్వాత అర్ధగంట సేపు అతనూ, లోపల కూర్చున్న గుమాస్తా తర్జనభర్జన పడ్డారు. అమ్మకానికా? కాదు. పూజకా? కాదు. ఎవరు పూసుకుంటారు? కొడుకు. ఎందుకు? ఎద్దు కోసం. గుమాస్తా కలం కింద పెట్టేశాడు. చివరికి జవాను తనే తీర్పు చెప్పాడు. "మంచి వాసన అయితేదా సుంకం. దీన్ని వాసన సరుకు అంటే నన్ను పనిలోనుంచి తీసేస్తారు. పొండి సామీ."

ఒక అత్తరువాడికి అంతకన్నా అవమానం ఉండదు. అయినా మేం మజ్జిగ తాగి బయలుదేరాం.

ఉడుమలైపేట, వైద్యుడి ఇల్లు

ఉడుమలైపేట చుట్టూ కొబ్బరి తోటలు. లేత బొండం నీళ్లు తాగి, లోపలి మీగడ వేలితో గీరుకుని తింటూ వైద్యుడి ఇల్లు చేరాం. ఎముకలంత సన్నటి ముసలాయన. తెలుగే, కానీ ప్రతి మూడో మాటా అరవం. మోకాళ్ల నూనె బుడ్డి ఇచ్చాడు, ఎలా చేశారో చెప్పనన్నాడు.

"ఏడు తరాల రహస్యం. నా కొడుక్కే ఇంకా చెప్పలేదు."

నాకు రహస్యం అక్కర్లేదు, వాసన చాలు. బుడ్డి ముక్కు దగ్గర పెట్టుకుని, అలవాటు కొద్దీ పైకే చెప్పేశాను. మొదటి మూలిక పేరు చెప్పగానే ఆయన చిరునవ్వు నవ్వాడు. రెండోది చెప్పగానే నవ్వు ఆగింది. నాలుగోదానికి లేచి తలుపు మూశాడు. ఏడోది చెప్పేసరికి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"ఏడు తరాల రహస్యం," అన్నాడు, "ఏడు ఊపిర్లలో పోయెనే!"

నాకు నిజంగా బాధేసింది. ముక్కు ఉందని ప్రతిచోటా వాడకూడదు. ఎవరికీ చెప్పనని ఆయన మడిబట్ట మీద చెయ్యి వేసి మాట ఇచ్చాను. ఆ ఏడింటిలో ఒక్కటీ ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. మోకాళ్ల నొప్పులున్న చదువరులు మన్నించాలి. మేం బయలుదేరుతుంటే ఆయన కొడుకును పిలిచి లోపల కూర్చోబెట్టుకోవడం కనిపించింది. ఇంక ఆలస్యం చేయకూడదనుకున్నాడేమో.

ఆ నూనె కలిపాక వాసన చాలా దగ్గరికి వచ్చింది. కానీ అయిదోది దొరకలేదు. ఉడుమలైపేట సంతలో అలమేలు ముక్కుతో నడిచింది. పులిసిన కల్లు, తాటిబెల్లం పాకం, తడిసిన గోనె, మాగిన పనసపండు, మేక పొదుగు. ప్రతిదాని దగ్గరా ఆగి, వంగి, "ఇది కాదు" అంటుంది. తమలపాకుల ముసలివాడి భుజం కూడా వాసన చూసింది. అతను, "ఏమి కావలె కన్నూ?" అని బిడ్డను అడిగినట్టు అడిగాడు. "మా మామ" అంది. ఆ ఇంటివాళ్లందరిదీ ఒకటే జవాబు.

ఆ సాయంత్రం మజిలీలో మళ్లీ రంగసామి మెడ వాసన చూసింది. మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపు చూసింది. "ఎట్ల ఉండాది?" అని అతనే నేరుగా అడిగాడు, చాలా రోజులకు.

"ఇంకా చాలదు" అంది, నాతో కాదు.

తుడియలూరు, బావి గట్టు

మూడు రోజుల తర్వాత తుడియలూరు చేరాం. ఎర్రమట్టి, ఎండిన మిరప మొక్కలు. తోట మధ్య బావి, దాని పక్కన కారి. బండి మీద కూర్చున్న నా తలతో సమానమైన ఎత్తుంది. మోట కొయ్యకు మెడ రాసుకుంటూ, మా వైపు ఒకసారి చూసి, మట్టి ఎగజిమ్మింది. నాకు మా ఊరు గుర్తొచ్చింది.

ఇంట్లో రంగసామి తల్లి నాగమ్మ ఉంది. భర్త పోయిన ఏడాది దాకా గడప దాటకూడదని కట్టుబాటు కనుక లోపలి గదిలోనే ఉంటుంది. మా వైపూ అంతే. తలుపు సందులో నుంచి ఒక చెయ్యి కనిపించింది, అలమేలుకు మంచినీళ్ల చెంబు ఇచ్చి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున తోట వైపు నుంచి గాలి కొట్టింది. అలమేలు ముగ్గు వేస్తున్నది ముగ్గు చిప్ప పడేసి నిలబడింది.

"ఇది! ఇదిదా!"

ఆమె చెయ్యి చాపిన వైపు చూశాం. ఎద్దు ఉంది.

ముసలాయన బావి దగ్గర దాని పక్కనే పడుకునేవాడు. అది రాత్రంతా కంబళికి మెడ రాసేది, నాకేది. దాని చెమటే ఆ కంబళిలో అయిదో వాసన. అంటే ఎద్దు దగ్గరికి వెళ్లడానికి కావలసిన వాసన ఎద్దు ఒంటి మీదే ఉంది. దాన్ని తెచ్చుకోవాలంటే ఎద్దు దగ్గరికి వెళ్లాలి. రంగసామి తిన్నె మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "ఇంక కాశీకే పోతాను" అన్నాడు.

పొడవాటి వెదురు గడ చివర తెల్లటి గుడ్డ కట్టి, తోట గోడ మీద నుంచి, అది మెడ రాసుకునే మోట కొయ్యకు ఆనించాం. రెండు రోజులు గోడ వెనక దాక్కుని చేపలు పట్టేవాళ్లలా గడ పట్టుకుని కూర్చున్నాం. మొదటి గుడ్డ అది తినేసింది. రెండోది కూడా తినేసింది. మూడోది గోనె, అది రుచించలేదు, మెడ రాసింది. ఆ జిడ్డు గోనెను ఊళ్లోవాళ్లు చూస్తుండగా నా రాగి బిందెలో వేసి ఆవిరి దించాను. మా తాత గులాబీలు దించిన బిందె అది. ఆయన పేరు నేను మనసులో కూడా తలుచుకోలేదు.

కలిపాను. అలమేలు బుడ్డి తీసుకుని మొగుడి మెడకు, చేతులకు, గుండెకు తనే పూసింది. వాసన చూసింది. రెండు అడుగులు వెనక్కి వేసి, మామగారి ఎదుట నిలబడ్డట్టు పైట సర్దుకుంది.

ఊరంతా గోడ ఎక్కి కూర్చుంది. రంగసామి బావి వైపు నడిచాడు. కారి తల దించింది. తర్వాత ఎత్తింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. అది చేసిన శబ్దం రంకె కాదు, దూడ అరుపులాంటిది, అంత పెద్ద ఒంట్లో నుంచి అంత చిన్న అరుపు. పరుగున వచ్చి, రంగసామిని నాకి, మోట కొయ్యకేసి ఆనించి, తన బరువంతా అతని మీద వేసి నిలబడింది.

ఊరు కేకలు వేసింది. నేను కూడా వేశాను. మా నాన్న మాట నిజమైంది.

కాసేపటికి రంగసామి అరుపు వినిపించింది. "ఊపిరి ఆడలేదు! తీయండి దీన్ని!"

నేను వాసనను బట్టీలో పదింతలు చిక్కగా దించాను. ఒక్క నాయిన కోసం నాలుగు నెలలు ఎదురుచూసిన ఎద్దుకు పదిమంది నాయినలు ఒక్కసారి వచ్చినట్టయింది. అది కదలదు. ఇంకొకరు దగ్గరికి పోతే కొమ్ములు విసురుతుంది. అలమేలు గోడ దూకి పరుగెత్తబోయింది, ఇద్దరు పట్టుకున్నారు. "విడవండి! ఆయన చచ్చిపోతాడు!" అని మొట్టమొదటిసారి మొగుడి కోసం ఏడ్చింది.

అప్పుడు జనం పక్కకు తప్పుకున్నారు. నాగమ్మ వచ్చింది.

గాలి ఇంటి వైపు తిరిగి ఆ వాసన గది దాకా పోయిందట, అందుకు వచ్చిందని తర్వాత తెలిసింది. తల మీద కొంగు కూడా సరిగా లేదు. ఎవరో "గడప దాటకూడదమ్మా" అన్నారు, ఆమె వినలేదు. నేరుగా బావి దగ్గరికి నడిచింది. ఎద్దు కొమ్ములు ఊపలేదు. ఆమె కొడుకు దగ్గర ఆగి, ఎద్దును చూడకుండా, ఒక్కసారి కళ్లు మూసుకుని గాలి పీల్చింది. తర్వాత కళ్లు తెరిచి కారి వీపు మీద అరచేత్తో ఒక్కటి వేసింది.

"తప్పుకోరా. బిడ్డ చచ్చిపోతాడు."

కారి తప్పుకుంది. ఆమె వెనకాలే నాలుగడుగులు నడిచి, నీడలో మోకాళ్లు మడిచి పడుకుంది.

రంగసామి పక్కటెముకలు తడుముకుంటూ, "అమ్మా, ఇది నీ మాట వింటాదా?" అన్నాడు.

"దూడగా వచ్చిన దినం నుంచి కుడితి పోసింది ఎవురు? మీ నాయిన పక్కన పండుకొనేవాడు, అంతేదా."

"అయితే ఈ నాలుగు నెలలు చెప్పకూడదా?"

"ఎవురైనా అడిగినారా నన్ను?"

మధుర దాకా పోయి వచ్చినవాడు పంచెకు అంటిన మట్టి దులుపుకున్నాడు. నాగమ్మ కోడలి వైపు తిరిగి, "ఏమి చూస్తావు, మోట కట్టమని చెప్పు. మిరప ఎండిపోతుండాది" అంది. అలమేలు పరుగెత్తింది. పెరియకుళం తిరిగి పోయే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేను అక్కడున్న నాలుగు రోజుల్లో మాత్రం ఆమె మొగుణ్ణి స్నానం చేసి రమ్మని ఒక్కసారీ అనలేదు.

బయలుదేరే పొద్దున, మిగిలిన బుడ్డి ఏం చేయాలో తెలియక రంగసామికి ఇవ్వబోయాను. నాగమ్మ మధ్యలో అందుకుంది. మూత తీసి వాసన చూసి, ముఖం చిట్లించింది.

"పొగాకు ఎక్కువ వేసినారు. ఆయన అంత నమలడు."

తగ్గించి ఇస్తాను, బండి ఒక పూట ఆపుతాను అన్నాను. నిజంగానే సిగ్గేసింది.

"వద్దు, ఉండనీ" అని మూత గట్టిగా పెట్టి, నడుము దగ్గర చీర మడతలో దోపుకుంది. "ఎద్దుకు నేను చాలు. ఇది నాకు కావలె."

ఆమె మళ్లీ లోపలి గదికి పోలేదు. తిన్నె మీద, మోట చప్పుడు వినిపించే వైపు కూర్చుంది.